ఇత్తడి క్యారియర్ గెలిచిన పందెం

ఒంటరితనం కూడా ఒక హోదాలా కనిపించే వయసు ఒకటుంటుంది. శంషాబాద్‌లో కొత్త ఎయిర్‌పోర్టు తెరిచిన ఆ రోజుల్లో నాది సరిగ్గా ఆ వయసు. దానికి దగ్గర్లోనే ఒక పరీక్షశాలలో నా మొదటి ఉద్యోగం. విమానాల్లో వాడే తేలికపాటి దిమ్మెలు, నురుగులాంటివీ, తేనెపట్టులా గదులు గదులుగా ఉండే అల్యూమినియం రేకువీ, ఎంత బరువుకు నలుగుతాయో ముందే లెక్కగట్టి చెప్పడం నా పని. గోదావరి జిల్లాలో మా తాతగారి మేడ, తోటలు, చివరికి పల్లకీ కూడా మద్రాసు గుర్రప్పందేల్లో పోగా, నా వంతుకు మిగిలిన ఆస్తి రెండే: ఒక బరువైన ఇత్తడి క్యారియర్, ఎక్కడా వంగని వెన్ను.

మా పరీక్షశాలలో ఒక ఆచారం ఉండేది. దిమ్మెను యంత్రం కింద పెట్టేముందు అందరూ తలా ఒక అంకె చెప్పేవారు. అసలు అంకెకు అందరికంటే దూరంగా పోయినవాడు హైవే పక్క బండి దగ్గర అందరికీ టీ ఇప్పించాలి. మా వంశం ఆడాల్సిన పందేలన్నీ ఆడేసిందని చెప్పి నేను దూరంగా కూర్చునేవాణ్ణి. (ఇంకోసారి అడిగితే వద్దనేవాణ్ణి కాదు. ఎవరూ ఇంకోసారి అడగలేదు.) మనసులో మాత్రం నా అంకె నేను వేసుకునేవాణ్ణి. అది దాదాపు ఎప్పుడూ సరిపోయేది. ఆ సంతోషం పంచుకోవడానికి ఎదురుగా క్యారియర్ తప్ప ఎవరూ ఉండేవారు కాదు. వాళ్ల నవ్వులు గేటు దాటేదాకా విని, ఖాళీ గదిలో మళ్లీ లెక్కలు మొదలుపెట్టేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం నేను భోజనం ముగించేసరికి, యంత్రం నడిపే తుక్కుగూడ అన్న (ఊరి పేరే ఆయన పేరు) పరీక్షకు పెట్టాల్సిన దిమ్మె కోసం నా బల్ల దగ్గరికి వచ్చాడు. “ఎన్ని దినాలు గిట్ల ఒక్కడివే కూసుంటవ్ సార్? ఇయ్యాల నువ్వు గూడ ఒక నంబర్ చెప్పు” అన్నాడు. పిలిచినందుకు గుండె గంతేసింది. అంతలోనే చిక్కు గుర్తొచ్చింది. గెలిస్తే ఇంకొకరి డబ్బుతో టీ తాగాలి. మా ఇంట్లో పెట్టడమే గాని పెట్టించుకోవడం లేదు. కాబట్టి ఓడిపోవాలి. ఓడితే అందరికీ నేనే ఇప్పించవచ్చు, పోయిన జమీలో ఒక మూలైనా ఆ బండి దగ్గర తిరిగొచ్చినట్టుంటుంది. సరైన అంకెలో సగం చెప్పాను.

“గంత తక్కువనా? జర సోంచాయించు సార్” అన్నాడు అన్న జాలిగా.

ఆలోచించేదేం లేదు, చెప్పింది చెప్పిందేనన్నాను, అచ్చం మా తాతగారి గొంతుతో. (గుర్రాల దగ్గరా ఆయన ఇదే గొంతు వాడి ఉంటారు.)

యంత్రం దిగింది. తేనెపట్టు దిమ్మె మొదట బిర్రుగా నిలబడుతుంది. ఒక వరుస గదులు మడతపడ్డాయా, ఇక మిగతావి దాదాపు సగం బరువుకే లొంగిపోతాయి. ఈ దిమ్మె మాత్రం మొదట్నుంచీ బిగువన్నదే లేకుండా, నేను చెప్పిన సగం దగ్గరే బుద్ధిగా మడతపడుతూ పోయింది. అన్న దాన్ని తీసి చూసి, “ఏంది సార్ ఇది, పప్పుచారా?” అన్నాడు. పైన గుండ్రంగా ఒక మరక. అప్పుడు వెలిగింది నాకు. భోజనానికి కూర్చుంటూ క్యారియర్‌ను హుందాగా (అంటే ధబీమని) పెట్టింది దాని మీదే. మొదటి వరుస బిగువు అక్కడే పోయింది.

పందెం చెల్లదనీ, టీ నేనే ఇప్పిస్తాననీ జేబులో చెయ్యి పెట్టాను. అందరికంటే దూరంగా పోయినవాడు ఆ రోజు అన్నే. నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

“డబ్బ నలిపినా మిషిన్ నలిపినా నంబరైతే నీదే. నీకే ఉంటదా సార్ ఇజ్జత్? మాకుండదా?”

ఆ టీ మొదటి గుక్క గొంతులో అడ్డంపడింది. రెండోది సులువుగానే దిగింది. మర్నాడు నన్ను పిలవడానికి ఎవరూ నా బల్లదాకా రానక్కర్లేకపోయింది.

తర్వాత మేం తలో దిక్కూ అయ్యాం. ఇప్పటికీ అటువైపు వెళ్తే ఏదో ఒక బండి దగ్గర ఆగి ఒక్కణ్ణే టీ తాగుతాను, వెన్ను నిటారుగానే పెట్టుకుని. పర్సు తీయడానికి మాత్రం, ఏ చెయ్యైనా వచ్చి ఆపుతుందేమోనని, కావాలనే కాస్త ఆలస్యం చేస్తాను.