ఇటుక పోయి సబ్బుపెట్టె వచ్చిన రోజు

వరంగల్ మొత్తంలో మొట్టమొదటి హార్డ్ డిస్కు మార్చింది నేనే. ఎనభైలు ముగుస్తున్న రోజులు. స్క్రూడ్రైవర్ అందుకుని, కండ్లు మూసుకుని... సరే, నమ్మరు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు మార్చాడు. ఊడిన స్క్రూలు చాయ్ సాసరులో పట్టుకుని నేను పక్కన నిల్చున్నాను. అదే మొట్టమొదటిదో కాదో కూడా నాకు తెలియదు.

పరకాల రోడ్డు మీద పత్తిమిల్లు మాది. మాది అంటే సేటుది. నేను కాంట దగ్గర తూకాలు చూసేవాణ్ణి. పగలంతా దూది నుసి, రాత్రంతా దగ్గు. సేటు కంప్యూటర్ కొన్నాక, టైపు వచ్చు గదా అని తూకం చిట్టీలు అందులో కొట్టడానికి నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు. మిల్లు మొత్తంలో ఆ ఒక్క గదికే ఏసీ. చెప్పులు బయట విడిచి లోపలికి పోతే ఛాతీ తేలికయ్యేది. దగ్గడమే మర్చిపోయాను.

ఒక పొద్దున మిషన్ ఆన్ చేస్తే లోపల గోళీల డబ్బా ఊపినట్టు చప్పుడు. తెర మీద ఏదో ఇంగ్లీషు ముక్క, అంతే. సేటు వచ్చి చూశాడు.

"ఇది నడవకపోతే మళ్ల కాంటకాడికే పో. ఉత్తగ చల్లగాలికి కూసోబెట్టుడు నాతోని కాదు."

నాకు అప్పుడే గొంతులో గరగర మొదలైంది.

కబురంది వచ్చిన ఇంజనీరు పాత డిస్కు ఊడదీశాడు. ఇటుకంత ఉంది. సంచిలోంచి కొత్తది తీశాడు. సబ్బుపెట్టెంత. కంపెనీ కూడా వేరే.

"ఇటుకల సరుకంత గీ సబ్బుపెట్టెల పడ్తదా సారూ?" అన్నాను.

"ఇంకా ఎక్కువే పడ్తది."

చిన్నదాంట్లో ఎక్కువ ఎట్లా పడుతుంది? సేటు నా ముఖం చూశాడు. నేను తెలిసినట్టు తలూపాను.

ఇంజనీరు అన్నం తినడానికి పోయాడు. సేటు మెల్లగా దగ్గరికి జరిగాడు.

"పాతదాంట్లది కొత్తదాంట్లకు ఎట్లొస్తదిర?"

"పక్కపక్కన ఉంటే వస్తదేమో సేటూ."

"పాలల్ల తోడేసినట్టా?"

"గట్లనే."

ఇటుక మీద సబ్బుపెట్టె పెట్టి నా తువ్వాల చుట్టాం. సేటు లేచి ఏసీ బంద్ చేశాడు. "సలికి తోడుకోదు" అన్నాడు.

ఇంజనీరు తిరిగొచ్చి ఆ మూట చూశాడు. "ఏంది, దీనికి జరమొచ్చిందా?"

మేమిద్దరం కిటికీలోంచి బయటికి చూశాం.

కొత్తది బిగించి మిషన్ ఆన్ చేశాడు. నల్లటి తెర మీద ఒక అక్షరం, పక్కన మినుకుమినుకుమంటూ చిన్న గీత.

"అయిపోయింది" అన్నాడు.

"మరి మా తూకాలు?"

"పాతదాంతోనే పోయినయ్. చిట్టీలుంటే మళ్ల మొదటి నుంచి కొట్టుకోవాలె."

ఎటు పోయాయి? ఇటుక అక్కడే ఉంది కదా! ఆ సంగతి నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

సేటు మూలకున్న చిట్టీల బస్తాల వైపు చూసి నీరసంగా అడిగాడు. "ఎన్ని దినాలు పడ్తదిర?"

ముఖం ఎంత దిగాలుగా పెట్టానో! "సీజనంత పడ్తది సేటూ. జల్ది చేస్తే తప్పులొస్తయి."

"ఇంక చూస్తవేంది మరి? కూసో."

లేచి ఏసీ వేసుకుని కూర్చున్నాను.

తిండీ నిద్రా మాని కొట్టాడు పాపం అని సేటు వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆయనకు ఆ మాట చెప్పింది నేనే.