లెక్కల సారు వద్దన్న రబ్బరు

మా అమ్మాయికి లెక్కలు చెప్పిన సారు పోయారు. ఆదివారం పొద్దున తొమ్మిదో తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఆ కబురు వచ్చింది. గుండెపోటట. కింద వరసగా దండం బొమ్మలు, పూల బొమ్మలు. అందరికన్నా ముందు "మహానుభావుడు" అని పెట్టింది ఎవరో కాదు, రెండు నెలల కిందట ఆయన మీద ఫిర్యాదు కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన ప్లాట్ల ఏజెంటు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట అతనొక్కడి మీదే కాదు. ఆ కాగితం మీద నా సంతకమూ ఉంది.

జూన్‌లో బడి తెరవగానే సారు మమ్మల్ని పిలిచి ఒక కాగితం ఇచ్చారు. ఇబ్రహీంపట్నం సర్కారు బడికి పిల్లల్ని పంపేవాళ్లలో చదువురానివాళ్లూ ఉంటారని, తనే నిలబడి చదివి వినిపించారు. లెక్కలు పెన్సిలుతో చేయాలి. రబ్బరు తేవద్దు. తప్పయితే ఒక్క గీత కొట్టి పక్కన మళ్లీ చేయాలి, పాత అంకెలు కనబడాలి. ఇంట్లో ఎవరూ లెక్క చేసిపెట్టవద్దు, పక్కన కూర్చుంటే చాలు. శనివారం బడి విడిచాక గంటసేపు క్లాసులోనే ఉంటాను, వచ్చి మాట్లాడండి.

"పనికాడికెళ్లి సక్కగ రాండ్రి. బట్టలు మార్చుకునే ఫికరేం వద్దు," అన్నారు.

ఎంతమందిమి పోయాం? ఆదిబట్ల వైపు ఒక కంపెనీ క్యాంటీన్‌లో కూరగాయలు కోస్తాను నేను. శనివారం మూడింటికే వదిలేస్తారు. అయినా పోలేదు.

తప్పు లెక్కకు ఆయన ఇంటూ పెట్టేవారు కాదు. ఎక్కడ దారి తప్పిందో అక్కడ సున్నా చుట్టి, "ఇక్కడిదాక మంచిగ వచ్చినవ్" అని రాసేవారు. నాకది రుచించలేదు. పక్కింటి పిల్ల ప్రైవేటు బడి నోటుబుక్కు అద్దంలా ఉంటే, మా పిల్లది నిండా గీతలే. సిగ్గనిపించింది. అమ్మాయి స్నానానికి పోగానే ఆ గీతలన్నీ, కింది అంకెలతో సహా, రబ్బరుతో చెరిపేసేదాన్ని. అది గొణిగితే కసిరేదాన్ని. నాకు లెక్కలు రావు, చెరపడం వచ్చు.

సారు కనిపెట్టి పిలిపించారు.

"తప్పు కనబడితేనే గదమ్మా నేను పట్టేది? నువ్వు దాస్తే యాడ దేవులాడాలె?"

"గిన్ని గీతలుంటే నలుగురు ఏమనుకుంటరు సార్?"

"నలుగురికి నేను పాఠం చెప్తలేను. నీ బిడ్డకు చెప్తున్న."

నన్ను చిన్నబుచ్చారనుకున్నాను. వారం తిరక్కుండానే సంతకం పెట్టాను.

హెడ్మాస్టరు గదిలో ఆ ఏజెంటు, "మా పిల్లల పుస్తకాలు చెత్తకుప్ప లెక్క జేసిండు," అన్నాడు. సారు ముందే నిలబడి అన్నాడు. లెక్కలంటే కడుపునొప్పని పడుకునే నా కూతురు ఈ ఏడాది చెప్పకుండానే పుస్తకం తీస్తోందని నాకు తెలుసు. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ రోజే హెడ్మాస్టరు రబ్బరు తెచ్చుకోవచ్చన్నారు. బెల్లు కొడితే సారు క్లాసుకు పోయారు. ఇంట్లో నా చెరపడం ఆగలేదు. ఇప్పుడు గ్రూపులో మేమందరం గురుభక్తులం. చూస్తుంటే ఫోను నేలకేసి కొట్టాలనిపిస్తోంది.

నిన్న అమ్మాయిని తీసుకుని ఆయన ఇంటికి పోయాను. వాళ్లింటావిడ లోపలినుంచి నోటుబుక్కుల కట్ట తెచ్చి అరుగు మీద పెట్టింది.

"దిద్దనీకె తెచ్చుకున్నడు. సగమే అయినయ్. మీ పిల్లలయి మీరు తీస్కపోండ్రి," అంది.

మాకన్నా ముందే వచ్చి ఉన్న ఏజెంటు తన కొడుకుది తీసుకుని, తెరవకుండానే చంకలో పెట్టుకున్నాడు. నేను మాది అక్కడే తెరిచాను. చివరి లెక్కలో సగానికి మించి నేను చెరిపేసిన ఖాళీ. శనివారం పొద్దున బడికి టైమైందని అమ్మాయి మళ్లీ చేయలేదు. సారు ఆ ఖాళీ చుట్టూ సున్నా చుట్టారు. పక్కన రాశారు: "బిడ్డా, ఇక్కడ ఏం చేసినవ్? సోమవారం నాకు చెప్పు."

అమ్మాయి ఆ ఖాళీ మీద వేలు పెట్టింది.

"యాదికి లేదమ్మా," అంది.