జెలీకి రావలసిన ఏడు దెబ్బలు

“జూలైలో అక్రోట్లు ఎవడు కొడతాడే? బుద్ధుందా నీకు?”

“నిజంగా కొట్టక్కర్లేదు పిన్నీ. గుమ్మంలో కూర్చుని కొడుతున్నట్టుంటే చాలు. పదకొండింటికి టూరిస్టుల బస్సు వస్తుంది, పన్నెండుకల్లా లేచి లోపలికెళ్లిపో. తలకి ఆ నల్ల రుమాలు కూడా కట్టుకున్నావంటే...”

“మా అమ్మ పోయినప్పుడు కట్టుకున్న రుమాలది! నీ కంటికి నేను సంతలో బొమ్మలా ఉన్నానా, గిస్లేన్?”

పక్క కిటికీ దగ్గర నిచ్చెనెక్కి పూలకుండీలకు నీళ్లు పోస్తున్న లుబాన్ చెయ్యి ఆగిపోయింది. గిస్లేన్ ఊరి మేయరు. ఒకప్పుడు ఈ గుమ్మంలోనే చీమిడి ముక్కుతో కూర్చుని జెలీ పెట్టిన అక్రోటు పప్పు తిన్న పిల్ల.

“ఈ ఊరు బతుకుతున్నదే వాళ్లవల్ల పిన్నీ. నీ ఇంటి రాతిపలకల కప్పు ఎవరు బాగుచేయించారు?”

“పీక్కుపో. వానలో తడుస్తా గానీ వాళ్ల ముందు కూర్చోను.”

తలుపు దడాలున పడింది.

జెలీ బుయిసూకి ఎనభై మూడేళ్లు. పద్నాలుగో ఏటి నుంచి ప్రతి చలికాలం చెక్క సుత్తితో అక్రోట్లు పగలగొట్టింది. పప్పు విరిగితే వ్యాపారి సగం ధరే ఇస్తాడు. అందుకే ఆమె చేతిదెబ్బ అంత మెత్తన. ఆ పప్పు అమ్మిన డబ్బుతోనే ఇద్దరు కూతుళ్లను పెంచింది. పచ్చి తొక్కల మరక ఆమె గోళ్లలోంచి ఎన్నడూ పోలేదు.

లుబాన్ తులూజ్‌లో కాలేజీ మానేసి వచ్చి ఊరి పనివాడయ్యాడు. చెత్త ఎత్తుతాడు, గోతులు తవ్వుతాడు, చర్చి గంట కొడతాడు. చలికాలంలో ఈ ప్వీసేర్ ఊళ్లో ఉండేది పంతొమ్మిది మంది. ఎండలు రాగానే వేలమంది వచ్చి పడతారు. ఎక్కడో తయారైన చెక్క కత్తులు కొంటారు, ఎనిమిది వందల ఏళ్ల గోడకు ఐస్‌క్రీం చేతులు తుడుస్తారు. పాత చాకిరేవు వెనక ఉచ్చ పోస్తారు. దాన్ని కడగాల్సింది లుబానే. బాతు కొవ్వు వేపుళ్ల వాసన, చెమట వాసన, సబ్బు కొట్ల వాసన కలిసి సందుల్లో పేరుకుపోతాయి. ఒకావిడైతే జెలీ తలుపు తోసుకుని వంటింట్లోకి వచ్చి, సూప్ గిన్నె మూత తీసి వాసన చూసి, “ఇది చూడ్డానికి టిక్కెట్టెక్కడ?” అని అడిగింది.

అయితే వాడికి మింగుడు పడనిది మాత్రం కిందటి ఆగస్టు. జెలీ మొగుడు ఫెర్నాన్ పోయాడు. ఈ సందుల్లోకి బండి రాదు. శవపేటికను భుజాల మీద చర్చికి మోయాల్సిందే. ఊరి ఆనవాయితీ ప్రకారం చావుగంట మగవాడికి తొమ్మిది, ఆడదానికి ఏడు దెబ్బలు. లుబాన్ తొమ్మిదీ కొట్టాడు. ఆ చప్పుడుకి సందుసందులోంచీ జనం పరిగెత్తుకొచ్చారు, చేతుల్లో ఫోన్లు. ఎవడో చప్పట్లు మొదలెట్టాడు. అందరూ అందుకున్నారు. పాతకాలపు నాటకం అనుకున్నారు! పేటిక వెనక జెలీ తల పైకెత్తకుండా నడిచింది. గంటగోపురంలోంచి అంతా చూస్తున్న లుబాన్‌కి, ఆ మందను పిలిచింది తన చేతులే కదా అని అసహ్యమేసింది.

గిస్లేన్ వెళ్లాక తలుపు ఓరగా తెరుచుకుంది.

“ఒరేయ్, దిగు. కాఫీ చల్లారిపోతోంది.”

వాడు లోపలికి రాగానే జెలీ గడియ వేసింది.

“ఆవిడ మళ్లీ వస్తుంది మామ్మా. సుత్తి కూడా తెస్తుంది.”

“తేనీ. దాని నెత్తిన ఒకటేస్తా, పప్పు విరక్కుండా.” నవ్వలేదు. కాఫీ గిన్నె అంచు వేలితో తుడుస్తూ కూర్చుంది. “డాక్టరు చెప్పాడురా. ఈ ఎండాకాలం దాటనట.”

లుబాన్ కాఫీ కింద పెట్టాడు. బయట ఎవరో తలుపు గొళ్లెం లాగారు, నవ్వారు, మళ్లీ లాగారు.

“విన్నావా? నేను పోయినా ఇలాగే లాగుతారు. పొద్దున్నే, మొదటి బస్సు రాకముందే నన్ను మోసుకుపోండి. ఆ రోజు గంట కొట్టకు.”

“మీ అమ్మకి కొట్టారు, వాళ్లమ్మకి కొట్టారు. నీకెలా మానేస్తాను మామ్మా?”

“మానెయ్యమన్నానా? నవంబరు రానీ. ఆ వెధవలంతా పోయాక, మనవాళ్లే మిగిలాక కొట్టు. ఏడూ కొట్టాలి, లుబాన్. ఒక్కటీ తగ్గించకు.”