ముక్త్యాల రేవులో స్టీమరు ఎదురెక్కింది

మా చిన్నప్పుడు... ఓ వేసవి ఆదివారం మా బంధువులంతా ముక్త్యాల రేవులో, కృష్ణ ఒడ్డున చాపలు పరుచుకుని కూర్చున్నారు. పులిహోర గిన్నెలు, మజ్జిగ కూజాలు, ఇత్తడి చెంబులు... పెళ్ళివారి విడిదిలా ఉంది. వాళ్ళు వచ్చింది మా నాన్న ఓడిపోతే చూద్దామని. అప్పుడు నాకు అర్థం కాలేదు.

నాన్న జగ్గయ్యపేటలో బ్యాంకు మేనేజరు. ఇస్త్రీ నలగని చొక్కా, తక్కువ మాట. ప్రాణం మాత్రం పొగ ఓడల మీద ఉండేది. చిన్నతనంలో బెజవాడ కాలవలో ఓ స్టీమరు పడవల్ని లాక్కుపోతుంటే, గట్టు మీద దాని వెంట పరిగెత్తి పరిగెత్తి తప్పిపోయాడట. తాతయ్య వెతికి తెచ్చి, నాలుగు తగిలించి, లెక్కల చదువులో పెట్టాడు. అలా బ్యాంకులో తేలాడు.

అన్నం దగ్గర కూడా బాయిలర్ల కబుర్లే... "ముందు చారు పోసుకోండి, ఓడ తర్వాత ఎక్కుదురుగాని" అనేది అమ్మ.

ఎవరో కాంట్రాక్టరు పనులయ్యాక ముక్త్యాలలో ఓ చిన్న స్టీమరును వదిలేసి పోయాడు. నాన్న ఆయన్ని అడిగి అది తీసుకున్నాడు. రైసుమిల్లులో ఆవిరి ఇంజను నడిపిన మస్తాన్‌ను తోడు తెచ్చుకున్నాడు. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం ఇద్దరూ దాని తుప్పు గీకారు, చిల్లులు పూడ్చారు, గొట్టాలు మార్చారు.

ఇంతలో అనంతపురం వైపు బదిలీ... సోమవారమే ప్రయాణం. ఆ ఆదివారం కదిలితే కదిలినట్టు. లేకపోతే ఇక లేదు.

పొద్దున్నుంచీ బాయిలరు కింద మంట పెట్టారు. మస్తాన్ దగ్గరున్న కట్టెలు మధ్యాహ్నానికే అయిపోయాయి. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు సగం దాకా కూడా ఎక్కలేదు.

అమ్మ తమ్ముడు, నందిగామ మామయ్య, బండెడు చింతమొద్దులు తెస్తానని మాటిచ్చాడు. తీరా బండి విప్పి చూస్తే మిరపకట్టె! తాలుకాయలు ఇంకా దానికి వేలాడుతూనే ఉన్నాయి.

"ఇదేంటయ్యా?" అన్నాడు నాన్న.

"మండేదైతే చాలుగా బావా! నీ ఓడేమన్నా రుచులు అడుగుద్దా ఏంటి?"

ఒడ్డంతా నవ్వింది. మస్తాన్ తువ్వాలు ఏట్లో ముంచి ముక్కుకు కట్టుకుని, మోపులు విప్పి పొయ్యిలోకి తోశాడు.

పొగగొట్టంలోంచి లేచిన పొగను గాలి తిన్నగా ఒడ్డు మీదికి తోసింది... ఇక చూడండి! పిల్లల ఏడుపులు, పెద్దల దగ్గులు, పులిహోర మీద మూతలు వెతుక్కునేవాళ్ళు... అందరికంటే ముందు ఊళ్ళోకి పరిగెత్తింది మామయ్యే. రేవు ఖాళీ అయిపోయింది.

పడవలో ఉన్న మా ముగ్గురికీ ఆ ఘాటు అంతగా తగల్లేదు. నేను ముందు భాగంలో, నీళ్ళ మీదికి మొహం వంచి పడుకున్నాను. మిరపకట్టె భగ్గున మండుతోంది. ఇద్దరూ ఊపిరి తిప్పుకోకుండా తోస్తూనే ఉన్నారు.

"ఎక్కుతోంది సారూ... ముల్లెక్కుతోంది!" మస్తాన్ కేకేశాడు.

నా కింద ఇనుము గుర్రుమంది. పడవ కదిలింది.

వాలుకు కాదు... ఎదురు! రేవుకు పైన నీళ్ళలో ఓ నల్లబండ ఉండేది. నెమ్మదిగా, ఆయాసపడే ముసలాయనలా వెళ్ళి, ఆ బండను దాటాం. నాన్న కూర్చోలేదు. చక్రం పట్టుకుని నిలబడ్డాడు. ఆ మొహం నేను తర్వాతెప్పుడూ చూడలేదు. కట్టె అయిపోయాక, వాలున జారుకుంటూ వచ్చి రేవులో ఆగాం.

పొగ తగ్గాక చుట్టాలు ఒక్కొక్కరే మళ్ళీ రేవులోకి దిగారు.

"ఏదీ, ఇక్కడే ఉందిగా!" అన్నాడు మామయ్య.

"వెళ్ళొచ్చాం. నల్లబండ దాటాం" అన్నాడు నాన్న.

"నీళ్ళు కాస్త ఊపుంటాయిలే బావా. నీకు పోయినట్టు అనిపించింది."

"మస్తాన్ చూశాడు. వీడు చూశాడు."

"ఒకడు నీ పనోడు, ఒకడు నీ కొడుకు! బ్యాంకులో ఇట్టాంటి సాక్షుల్ని ఒప్పుకుంటావా? చెల్లదు బావా, చెల్లదు!"

పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను అరిచి చెప్పబోతే, పెద్దవాళ్ళ మధ్య అబద్ధాలాడతావా అని అమ్మ ఒకటి వేసింది. నాన్న నన్ను అవతలికి తీసుకెళ్ళి, "మనం చూశాం గదరా... చాలు" అన్నాడు.

ఆయనకు చాలిందేమో. నాకు చాలలేదు.

మేం అనంతపురంలో ఉండగా, పడవను కనిపెట్టుకుని ఉంటానన్న మామయ్య దాన్ని ముక్కలు కోయించాడు. ఎనభైల్లో నందిగామలో ఆయన కట్టిన ఇంటికి గేటు ఆ ఇనుమే. నాన్న ఆ గేటు తెరుచుకుని పెళ్ళిళ్ళకు వెళ్ళాడు, శుభకార్యాలకు వెళ్ళాడు. ఎన్నడూ ఒక్కమాట అనలేదు. ఓడల పుస్తకాలు మాత్రం చివరిదాకా తలగడ పక్కనే ఉండేవి.

పోయిన వారం మామయ్య కొడుకు ఇక్కడే ఓ పోస్టు పెట్టాడు... "కదలని ఓడ, బ్యాంకు మామయ్య" అంటూ. కింద వందలకొద్దీ నవ్వు బొమ్మలు.

మామయ్య ఇప్పుడు లేడు. పోయినవాళ్ళ గురించి చెడు రాయకూడదని నాకు నీతులు చెబుతారని తెలుసు. మా నాన్నా పోయినవాడేగా? ఆయన్ని చూసి నవ్వేటప్పుడు ఆ మర్యాద ఎవరికీ గుర్తురాలేదేం?

నేను చాలా పుస్తకాలు చదివాను. గట్టిగా నవ్వినవాళ్ళు చెప్పిందే చరిత్రగా మిగలడం వాటిలోనూ చూశాను. అందుకే రాస్తున్నాను. మస్తాన్ కూడా పోయాడు. చూసినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే. స్టీమరు కదిలింది. ఎదురెక్కింది.

ఇప్పుడైతే ఏం జరిగినా పది ఫోన్లు పైకి లేస్తాయి... అప్పుడు చూసినవాడి మాటే సాక్ష్యం. మీ ఇళ్ళల్లోనూ ఎవరూ నమ్మని నిజం ఒకటి ఉండే ఉంటుంది. మీరు కళ్ళారా చూసి ఉంటే కింద రాయండి.

నేను నమ్ముతాను.