చవకైన దేశం

మొన్న చిత్తూరులో ఒకరింట్లో నిమ్మగడ్డి వేసి కాచిన టీ ఇచ్చారు. ఆ వాసన తగలగానే బ్యాంకాక్ వీధిలో మునిరత్నం గారి మొహం పాలిపోయిన క్షణం మళ్ళీ కళ్ళముందు నిలిచింది.

తొంభైల చివర తిరుపతి బస్టాండు దగ్గర ఆయన నడిపిన ట్రావెల్స్‌లోనే నా మొదటి ఉద్యోగం. విదేశయాత్ర రేటు అడిగి, జనం నవ్వుకుంటూ వెళ్ళిపోయే రోజులవి. ఉన్నట్టుండి థాయ్‌లాండ్ డబ్బు విలువ కుప్పకూలింది. మన రూపాయికీ అక్కడ హోటళ్ళు, భోజనాలు అన్నీ చవకయ్యాయి. "ఇంత చవక మళ్ళీ రాదు" అని ఆయన బోర్డు పెట్టించారు. నగరి మరమగ్గాల యజమానులు కుటుంబాలతో ఎగబడ్డారు. ఆ బృందం వెంట నన్నూ తీసుకెళ్ళారు.

అక్కడ మా ఏర్పాట్లు చూసే సోమ్‌సీ ఆయనకు ఏళ్ళుగా తెలుసు. సొంత బస్సులున్న మనిషి. ఈసారి విమానాశ్రయానికి రాలేదు, ఎవరో డ్రైవర్ని పంపింది. సాయంత్రం బజారులో మావాళ్ళు నేలమీద పరిచిన పట్టుబట్టలకు, వెండి గిన్నెలకు బేరం మొదలుపెట్టారు. "సగానికిస్తే అంతా మేమే ఎత్తుకుంటామని సెప్పబ్బా" అంటూ మగ్గాల సుబ్రమణ్యం ఆయన్ని పిలిచాడు. నవ్వుతూ వెళ్ళిన మునిరత్నం గారు కొయ్యబారిపోయారు. ఆ సామాను వెనక కూర్చున్నది సోమ్‌సీ. అమ్ముతున్నది తన ఇంటి సామానే.

"బస్సుల అప్పు డాలర్లలో తెచ్చాను. మా డబ్బు పడిపోయి అప్పు రెట్టింపైంది, బస్సులు పోయాయి" అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి, ఫ్లాస్కులోంచి నిమ్మగడ్డి టీ వంచి ఆయనకిచ్చింది. ఆయన తాగలేకపోయారు. "బేరం ఆపండప్పా!" అని అరిచారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. సుబ్రమణ్యం చేతిలోని గిన్నెను మెల్లగా కింద పెట్టేశాడు.

తిరుపతికి రాగానే స్టూలెక్కి బోర్డు తనే పీకేశారు.

"బోర్డు లేకపోతే ఎవరొస్తారు సార్?"

"రాకుంటే పోనీమ్మా. ఆయమ్మ ఇల్లు గుల్లయిపోతా ఉంటే, చవకని నేనీడ పెద్దక్షరాల్లో రాయించినాను. ఇంక వచ్చే గుంపులన్నీ ఆయమ్మకే ఇయ్యి. డబ్బు పడకముందు ఇచ్చిన పాత రేటే ఇయ్యి."

"మనకేం మిగలదు సార్."

"కొన్నాళ్ళు మిగలకపోనీ."

ఆ యేడు కష్టంగానే గడిచింది. మా గుంపుల కోసం సోమ్‌సీ అద్దె వ్యానుతో మళ్ళీ పని మొదలుపెట్టింది. మునిరత్నం గారు పోయారని నేను ఫోను చేసి చెబితే, ఆయన పంపిన గుంపులన్నిటినీ పేరుపేరునా తలుచుకుంది.

ఇప్పుడు నాకూ ఒక చిన్న ఆఫీసుంది. ఏదో దేశం హఠాత్తుగా చవకైందని జనం ఫోన్లు చేస్తే ముందు ఆ దేశంలో మా పని చూసేవాళ్ళకి ఫోను చేసి, ఎలా ఉన్నారని అడుగుతాను. వాళ్ళు చెప్పింది పూర్తిగా విన్నాకే ఇక్కడ రేటు చెబుతాను.