అమ్మ దగ్గర్నుంచి తీసుకెళ్లిన బల్ల

ఏళ్ల తరబడి గొంతులో ఇరుక్కున్న మాట ఇది. నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను. ఒకరి మంచి పనిని నేను చెడగొట్టాను. అదీ మంచి మాటలతోనే.

మా అమ్మ లింబాయత్‌లో, తెలుగు నేతవాళ్లు వలసొచ్చి స్థిరపడ్డ పేటలో, ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటిస్తుంది. చీరను నేల మీద పరుచుకుని పొద్దంతా వంగి కూర్చుంటుంది. నేను డిజైన్ చదివి, పేదల పనిముట్లను మెరుగుపరిచే ఒక సంస్థలో చేరాను. హేతల్ కూడా అక్కడే పనిచేసేది. ఒకసారి మా ఇంటికి భోజనానికొచ్చి అమ్మ పని చేయడమే చూస్తూ ఉండిపోయింది. కొన్నాళ్లకు ఒళ్లో పట్టేంత వాలుబల్ల చేసి తెచ్చింది. అమ్మ నిటారుగా కూర్చుని పని చేయడం నేను చూసింది అప్పుడే. మా గల్లీలో ఇంకొందరికీ సంస్థవాళ్లు అలాంటివి ఇచ్చారు.

"గా పిల్ల ఒక్క పూట కూసోని నా నడుము నొప్పి కనిపెట్టింది. నువ్వు నా పక్కనే పెరిగినవ్, ఎన్నడన్న సూశినవా?" అంది అమ్మ.

నవ్వుతూనే అంది. నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మ నడుము కదా, నాకు కదా కనిపించాల్సింది?

సంస్థ మీటింగులో లేచి అడిగాను. నొప్పి తగ్గితే పని ఇచ్చే సేఠ్ రోజుకిచ్చే చీరలు పెంచుతాడు, రేటు పెంచడు, అప్పుడు మనం మేలు చేసింది ఎవరికి అని. ప్రశ్నలో తప్పు లేదు, ఇప్పటికీ అలాగే అనుకుంటాను. కానీ ఆ బల్ల నేనే చేసి ఉంటే ఆ ప్రశ్న నాకు తట్టేదా? తట్టినా నోరు విప్పేదాన్నా? బల్లల పని ఆపేశారు. కళ్లు తెరిపించావని హేతలే నాకు థాంక్స్ చెప్పింది.

బల్లలు వెనక్కి తెప్పించారు. మా ఇంట్లోది నేనే తీశాను.

"ఎందుకు తీస్కపోతున్నవ్ బిడ్డా? మంచిగనే ఉండె గద."

"నీ మంచికేనమ్మా."

అమ్మ చీర మళ్లీ నేల మీద పరిచింది. ఆ తర్వాత సేఠ్ చీరలు పెంచనే పెంచాడు, బల్ల లేకుండానే.

సేవ పేరుతో చేసే డిజైన్‌లో న్యాయం గురించి మాట్లాడమని ఇప్పుడు నన్ను పిలుస్తారు. వెళ్తాను. చప్పట్లు కొడతారు. ఇంటికొస్తే అమ్మ నడుముకు నూనె రాయమంటుంది. ఎక్కడ నొప్పో అడగక్కర్లేదు, నా చేతికి తెలుసు.

అమ్మకు ఇది చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. క్షమించమని మిమ్మల్నీ అడగను. ఆ బల్ల తీసుకెళ్లింది అమ్మ మంచికి కాదు, హేతల్ మీద నా అసూయకు. ఈ ఒక్క మాట రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది.