పన్నెండో రీలులోంచి కోసిన పాట

ఆ సినిమాకు ప్రతినిధిగా నన్ను తిరుత్తణి పంపినది అక్కడి కొండ మీద జరిగే ఆడికృత్తిక పండుగకు రెండు వారాల ముందు, ఒక గురువారం. వీడియో క్యాసెట్లు అప్పటికే మూలపడి, అంగళ్ళలో సీడీలు అద్దెకు దొరుకుతున్న కాలం. థియేటర్లలో మాత్రం ఇంకా ఫిల్ము రీళ్ళే తిరిగేవి. చెంగల్పట్టు ఏరియాలో తెలుగు చిత్రాలు విడుదల చేసే ఒక చిన్న పంపిణీ సంస్థలో నేను ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి, సీనియర్ ప్రతినిధి హోదాలో పదవీ విరమణ చేశాను. తిరుత్తణి, పళ్ళిపట్టు, తిరువళ్ళూరు నా పరిధి.

ప్రతినిధి అంటే ఏమిటో నేటి పాఠకులకు చెప్పాలి. సినిమా ఆడినన్నాళ్ళూ పంపిణీదారు తరఫున థియేటర్లో ఉండే మనిషి అతను. థియేటర్ వాళ్ళకు చుట్టమూ కాడు, ఉద్యోగీ కాడు. టిక్కెట్ పుస్తకాల మొదటి నంబరు, చివరి నంబరు చూసి, రోజువారీ కలెక్షన్ రిపోర్టు మీద సంతకం చేసి ఆఫీసుకు పంపాలి. దీన్ని మేము డీసీఆర్ అనేవాళ్ళం. దాని అడుగున 'ప్రేక్షకుల స్పందన' అని ఒక గడి ఉండేది. ఎక్కడ చప్పట్లు కొట్టారు, ఎక్కడ విసుగు పడ్డారు అన్నది అందులో రాయాలి. చాలామంది ప్రతినిధులు అక్కడ 'బాగుంది' అని రాసి ఊరుకునేవారు. నేను ఊరుకునేవాణ్ణి కాదు. గమనించి రాస్తానని యజమాని దగ్గర నాకు పేరుండేది.

ఆ సినిమా సంగీతప్రధానమైనది. పేరు చెప్పను. ఊరూరా వీధినాటకాలు ఆడే ఒక బృందం కథ. పాటలే కథను నడుపుతాయి. సరిహద్దులో మన తెలుగువాళ్ళు ఎక్కువ కాబట్టి తిరుత్తణిలో బాగా ఆడుతుందని యజమాని నమ్మి, మామూలు కన్నా ఎక్కువ రేటుకు ఏరియా హక్కులు కొన్నారు.

శుక్రవారం నాలుగు ఆటలూ థియేటర్ తలుపు దగ్గర నిలబడ్డాను. విరామం దాకా ఇబ్బంది లేదు. పన్నెండో రీలులో బృందం పెద్ద చనిపోతాడు. పాడె పక్కన ఒక ముసలామె కూర్చుని, వాయిద్యం ఏమీ లేకుండా, ఆరు నిమిషాల పాటు ఏడుపుపాట పాడుతుంది. అది మొదలైన నిమిషానికి తలుపు తెరుచుకుంది. ఇద్దరు, తర్వాత నలుగురు, తర్వాత గుంపుగా వచ్చారు. టీ తాగారు, సిగరెట్ వెలిగించారు, పాట అయిపోయిందా అని ఒకరినొకరు అడుగుతూ లోపలికి పోయారు. నాలుగు ఆటల్లోనూ ఇదే. నేను వాళ్ళను లెక్కపెట్టాను. డీసీఆర్ అడుగు గడిలో ఇలా రాశాను: 'పన్నెండో రీలు, ఏడుపుపాట. జనం నిలవడం లేదు. తీసివేయడం మంచిది.'

శనివారం మధ్యాహ్నం యజమాని ఫోన్ చేసి ఏరియాలోని అన్ని ప్రింట్లలోనూ ఆ పాట తీసేయమన్నారు. అలా కోసినప్పుడు సెన్సారు వారికి తెలియజేయాలన్న నియమం ఉంది. అది పాటించిన వారిని నేను ఎక్కువమందిని చూడలేదు. కోసిన ముక్కను మాత్రం పారేయకూడదు. చుట్టి, డబ్బాలో పెట్టి, పేరు రాసి, ప్రింటుతో పాటు వెనక్కి పంపాలి.

ఆపరేటర్ దొరై తిరుత్తణివాడే. మాటినీకీ మొదటి ఆటకూ మధ్య ఉన్న వ్యవధిలో రీలు బల్ల మీద పరిచాడు. కత్తెర పట్టుకుని ఒక్క నిమిషం ఆగాడు.

"ఇంగొక దినం చూస్తే పోదా సారూ? రేపు నాయిత్తుకిళమ, ఆడోళ్ళు జాస్తిగా వస్తారు."

ఆదివారం దాకా ఆగడానికి లేదు, ఆఫీసు మాట అయిపోయిందని చెప్పాను. అతను కత్తెర వేశాడు. ఐదు వందల నలభై అడుగుల ఫిల్ము. డబ్బా మీద సినిమా పేరు, రీలు నంబరు నేనే రాశాను.

ఆదివారం మాటినీకి పొదటూరుపేట పక్కనుంచి ఒక వ్యాను వచ్చింది. పాతికమంది దిగారు. వాళ్ళలో అరవై ఏళ్ళ మనిషి ఒకామె కొత్త చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, అందరి మధ్యా కొంచెం సిగ్గుగా నడుస్తోంది. సినిమాను ఆఫీసు వాళ్ళ ప్రివ్యూలో చూసి ఉన్నాను కాబట్టి ఆమెను గుర్తుపట్టాను. పాడె పక్కన కూర్చున్న మనిషి ఆమే.

వాళ్ళను తీసుకొచ్చినవాడు ఆమె మేనల్లుడు గోవిందన్. మగ్గం పని చేస్తాడు. నా మెడలో ఉన్న బ్యాడ్జీ చూసి దగ్గరికి వచ్చాడు.

"సార్, మా అత్త మునెమ్మ. ఈ పడంలో పాడింది. సుట్టుపక్కల యాడ సావైనా అత్తనే పిలస్తారు. మ్యూజిక్ డైరెక్టరు మా ఊరికే వచ్చి, ఇంటి ముందరే కూసోబెట్టి రికార్డు చేసుకోని పోయినాడు. ఆ వెనక షూటింగుకూ అత్తనే పిలుచుకోని పోయినారు. మా ఊర్లో ఎవురూ ఇంతవరకూ పడంలో రాలేదు సార్."

ఇక్కడ నేను చేసినది, చేయనిది స్పష్టంగా రాయాలి. పన్నెండో రీలు తెర మీదికి రావడానికి ఇంకా రెండు గంటల వ్యవధి ఉంది. ముక్క ఉన్న డబ్బా పైన ఆపరేటర్ గదిలోనే ఉంది. దొరై పది నిమిషాల్లో అతికించగలడు. ఆ ఒక్క ఆటకు అనుమతి కావాలంటే యజమానికి ఫోన్ చేస్తే చాలు. ఫోను నా జేబులోనే ఉంది. చేయలేదు. నేనే తీయమని రాసి, రెండు రోజుల్లోనే నేనే పెట్టమంటే నా మాటకు విలువ పోతుందని అనుకున్నాను. గోవిందన్‌తో "పోయి కూర్చోండి" అని మాత్రం అన్నాను.

ఆట ముగిశాక వాళ్ళంతా వరండాలో నిలబడిపోయారు. గోవిందన్ ముఖం ఎర్రబడింది. మునెమ్మే నా దగ్గరికి వచ్చింది.

"సామీ, నేను రాలేదే?"

"మద్రాసు నుంచే అలా వచ్చిందమ్మా. అక్కడే తీసేశారు" అన్నాను.

ఆమె "గొంతు బాగలేదేమోలే. వాళ్ళకు తెలీదా ఏంది" అని, తలలో పూలు సర్దుకుని, వ్యాను వైపు నడిచింది. వెనకనుంచి ఎవరో ఆడమనిషి, "దీనికోసరమా పని మానుకోని వచ్చినాము" అనడం వినిపించింది. మునెమ్మ వెనక్కి తిరగలేదు.

పాట తీసినందువల్ల సినిమా నిలబడిందా అంటే, లేదు. మా వృత్తిలో 'హోల్డోవర్' అని ఒక అంకె ఉంటుంది. వారం వసూలు దానికన్నా తగ్గితే థియేటర్ యజమాని సినిమా ఎత్తేయవచ్చు. రెండో వారం మధ్యలోనే అంకె కింద పడింది. ఆడికృత్తికకు కావళ్ళు ఎత్తుకుని జనం కొండకు బారులు తీరే సమయానికి ఆ థియేటర్లో వేరే పోస్టరు అంటించారు. తిరువళ్ళూరులోనూ, పళ్ళిపట్టులోనూ అంతే. యజమాని నన్ను ఏమీ అనలేదు. ఆయన నష్టం ఆయన భరించారు.

కొన్ని నెలల తర్వాత ఆ చిత్రం వీడియో హక్కులు ఒక సీడీల కంపెనీ కొన్నది. డిస్కు తయారుచేయడానికి గీతలు పడని ప్రింటు ఒకటి కావాలన్నారు. ఉన్నవాటిలో తిరుత్తణి ప్రింటు మేలైనది. దాన్ని పరిశీలించి పంపే పని నాకు అప్పగించారు. పెట్టె తెరిస్తే రీళ్ళ పక్కన నా చేతిరాతతో ఆ డబ్బా ఉంది.

నేను యజమాని గదిలోకి వెళ్ళి, థియేటర్ కోసం కోశాము, ఇళ్ళల్లో చూసేవాళ్ళకు అతికించి ఇద్దామని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయారు. "తీయమన్నది నువ్వే కదయ్యా" అన్నారు. అవునన్నాను. ఎందుకు అడుగుతున్నానో చెప్పలేదు. ఆయనా గుచ్చి అడగలేదు. అతికించేటప్పుడు రెండు చివర్లా ఒకటి రెండు ఫ్రేములు పోయాయి. ఆ డిస్కులో పాట మొదట్లో బొమ్మ ఒక చిన్న కుదుపుతో కదులుతుంది. ఇప్పటికీ ఆ డిస్కు దొరికితే చూడవచ్చు, అది నా చేతి పని.

మరుసటి వేసవిలో వేరే చిత్రం పని మీద తిరువళ్ళూరు వెళ్ళాను. స్టేషన్ రోడ్డులో సీడీలు అద్దెకిచ్చే శెట్టిగారు నాకు పరిచయస్తుడు. మా సినిమాల ఇంటి గిరాకీ ఎలా ఉందో ఆయన్నే అడిగి తెలుసుకునేవాణ్ణి. ఆ సంగీత చిత్రం సంగతి ఆయనే ఎత్తాడు.

"థ్యేటర్లో రెండో వారమే ఎత్తేసినారంట కదా సార్. నా కాడ ఆ సీడీ అంగడికి తిరిగొచ్చేదే లేదు. ఒకరిచ్చిన తక్షణం ఇంగొకరు ఎత్తకపోతారు. నాలుగు కాపీలు వాంగినాను, నాలుగూ అరిగిపోయినాయి."

ఏ పాట కోసమని అడిగాను.

"పాడె కాడ ముసిలామె పాడేది ఉంది సూడు, దానికోసరం. ఆత్తిపట్టు పవర్ హౌసులో కాంట్రాక్టు పని చేసే పిల్లగాడు ఒకడుండాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు డ్యూటీలో ఉన్నాడంట, వచ్చేసరికి ఎత్తేసినారంట. వాడు మూడు తూర్లు ఎత్తకపోయినాడు. నేనేం అడగతాను సార్? ఇస్తాను." ఆగి, మళ్ళీ అన్నాడు: "మొదటి దినం కొండకని మా అమ్మను తిరుత్తణికి పిలుచుకోని పోయి, ఆడనే నేనూ చూసినాను. ఆ పాటకు మా అమ్మ లేవనే లేదు. చుట్టూరా ఆడోళ్ళు ఎవురూ లేవలా. పాటయినంక కూడా ఒగరి మొగం ఒగరు చూసుకోలా."

మొదటి రోజు అంటే శుక్రవారం. తలుపు బయట నేను నిలబడి లెక్కపెట్టిన రోజు. శెట్టిగారూ వాళ్ళమ్మా నా లెక్కలో లేరు, బయటికి రాలేదు కాబట్టి. లోపల ఎంతమంది కూర్చుని ఉన్నారో ఆ నాలుగు ఆటల్లో ఒక్కసారీ నేను తలుపు తోసి చూడలేదు.

శెట్టిగారు ఆ మాట చెప్పాక వచ్చిన ఆదివారం, ఆయన దగ్గర ప్లేయరు, కొత్తగా తెప్పించిన డిస్కు తీసుకుని పొదటూరుపేట బస్సెక్కాను. అడుగుతూ పోతే గోవిందన్ మగ్గాల మధ్య కనిపించాడు. నన్ను గుర్తుపట్టి ముఖం తిప్పుకున్నాడు. వచ్చిన పని చెప్పాక లేచి వచ్చాడు. దారిలో అన్నాడు: "ఆ దినం నించీ అత్త ఏ సావింటికీ పోలేదు సార్. పిలిస్తే గొంతు పోయిందంటాది. మొన్న మా వీధిలోనే ఒకాయన పోతే టేపు పెట్టుకున్నారు."

మునెమ్మ ఇంటి ముందు వేరుసెనగ కాయలు ఒలుస్తోంది. నేను కూర్చోకుండానే చెప్పాను. మద్రాసులో కాదు, నేనే తీయించాను, నీకు అబద్ధం చెప్పాను, నీ గొంతు బాగలేదని ఎవరూ అనలేదు అని. గోవిందన్ నా వైపు ఒక అడుగు వేశాడు. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"ముందర పెట్టు, చూస్తాము" అంది.

గోవిందన్ టీవీ తెచ్చి ప్లేయరుకు తగిలించాడు. ఇరుగు పొరుగు వచ్చి నిలబడ్డారు. పాట మొదలైంది. తన ముఖాన్ని తాను అంత పెద్దగా ఆమె చూడటం అదే మొదలు. పెదవులు కదపలేదు, కళ్ళు తుడుచుకోలేదు, ఆరు నిమిషాలూ కదలకుండా చూసింది. పాట అయ్యాక ప్లేయరు ఆపమంది.

"ఎందుకు తీసినావు సామీ?"

"జనం లేచి బయటికి వస్తున్నారమ్మా."

"సావింట్లో మాత్రం రారా? నేను పాడతా ఉంటే సగం మంది బయిట నిలబడుకోని బీడీ తాగతా ఉంటారు, పొలం మాటలు మాట్లాడతా ఉంటారు. వాళ్ళను చూసి నేను ఆపితే, లోపల కూసోనుండే బిడ్డలు ఎట్ల ఏడస్తారు? ఏడవాల్సినోళ్ళు ఏడిసినంకే నేను ఆపేది. నువ్వు ఎవుర్ని చూసి ఆపినావు?"

ఆమె క్షమించానని అనలేదు, తిట్టనూ లేదు. ఒలిచిన గింజలు దోసెడు నా చేతిలో పోసి, "బస్సుకు పొద్దు పోతాది, బయల్దేరు" అంది.

సెప్టెంబరు చివర్లో, పురటాసి నెలలో, ఆ రోజు నేనిచ్చి వచ్చిన నంబరుకు గోవిందన్ ఫోన్ చేశాడు. పక్క వీధిలో ఒక ముసలాయన పోతే ఎవరూ పిలవకుండానే అత్త లేచి వెళ్ళిందని, పొద్దెక్కేదాకా పాడిందని చెప్పాడు. అంతకుమించి మేము మాట్లాడుకోలేదు. నేను మళ్ళీ ఆ ఊరు పోలేదు.

తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా పద్ధతి మార్చుకున్నాను. మొదటి రోజు కనీసం రెండు ఆటలు, ఒకటి కింద బెంచీల్లోనూ ఒకటి ఆడవాళ్ళ వరుసల వెనకా, లోపల కూర్చుని చూసేవాణ్ణి. అడుగు గడిలో ఎవరు బయటికి వచ్చారో రాసి, దాని కిందే ఎవరు కూర్చున్నారో కూడా రాసేవాణ్ణి. ఫలానా భాగం తీసేయమని మాత్రం మళ్ళీ రాయలేదు. అది తేల్చేందుకు ఒక్క రోజు, ఒక్క తలుపు చాలవని నాకు తెలిసింది. యజమాని ఒకసారి రిపోర్టులు పొడుగవుతున్నాయని విసుక్కున్నారు. పొడుగైనా అలాగే పంపాను.